హాల్లో పడుకున్న పిల్ల

గోడకు మేకు కొట్టవచ్చునా అని అడగడానికి రేణు మొదటిసారి మా తలుపు తట్టింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా అపార్ట్‌మెంట్లలో అద్దె ఒప్పందాన్ని మొదటి పుట నుంచి చివరి పుట వరకు చదివిన మనిషి నేనొక్కడినేనని ఆమెకు ఎవరో చెప్పారట. చెప్పినవారు అబద్ధమాడలేదు. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఏటేటా మారిన ఒప్పందాల ప్రతులన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

"కొట్టవచ్చునమ్మా. పటం తగిలించేంత చిన్న మేకుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. పదిహేడో నిబంధనలో ఉంది," అన్నాను.

"నిజంగానా బాబాయిగారూ? డిపాజిట్‌లో కట్ చెయ్యరా?"

"చేస్తే నా దగ్గరికి రా. నేను చూసుకుంటాను."

ఆమె గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పన్నెండేళ్లండీ. పన్నెండేళ్లు ఒక్క మేకు కొట్టనియ్యలే," అంది. అని, అంత మాట తెలియనివారి ముందు అనేసినందుకు సిగ్గుపడి, మెట్లెక్కి మా పైనున్న తన వాటాకు వెళ్లిపోయింది.

రేణు ఖమ్మంలో పుట్టింది. తండ్రి బట్టల దుకాణంలో గుమాస్తా. బి.కాం. చదివి, శశికాంత్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరును పెళ్లాడి ఈ దేశం వచ్చింది. క్యారీలో మూడేళ్లు, బాతెల్‌లో నాలుగేళ్లు అద్దె ఇళ్లలో కాపురం. పటం తగిలిస్తానంటే, పరదా మారుస్తానంటే భర్త సమాధానం ఒకటే: "అద్దె కొంపకి సోకులెందుకు?" తరవాత అతనికి ఇక్కడి కార్ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పక్క ఊరు నోవైలో సొంత ఇల్లు కొన్నారు. ఇక గోడలకు రంగు వేసుకోవచ్చునని ఆమె సంబరపడితే, "రీసేల్ వాల్యూ పోతుంది," అన్నాడట. అద్దె ఇంట్లో యజమాని కోసం, సొంత ఇంట్లో రాబోయే యజమాని కోసం గోడలు తెల్లగా ఉంచిన మనిషిని గురించి నేను ఇంతవరకు ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అతడు కొట్టలేదు, తిట్టలేదు. ఆమె మాట వినలేదు, అంతే. వినకపోవడం ఏ చట్టంలోనూ నేరం కాదు. అందుచేత విడిపోవడానికి కారణమేమిటని అడిగినవారికి రేణు ఏమీ చెప్పలేకపోయేది. దంతవైద్యుడి క్లినిక్‌లో రిసెప్షన్ ఉద్యోగం చూసుకుని, ఆగస్టులో ఈ ఒక్క పడకగది వాటాలోకి మారింది. తొమ్మిదేళ్ల కూతురు అనుష్క, తీర్పు వచ్చేదాకా తండ్రి దగ్గర ఉండాలి. శని, ఆదివారాలు మాత్రం తల్లి దగ్గరికి వచ్చి రాత్రి ఉండవచ్చు.

ఆ రాత్రుల కోసమే రేణు బతుకుతున్నదని చెప్పడం అతిశయోక్తి కాదు. శుక్రవారం సాయంత్రమే పై వాటాలో మిక్సీ మోత మొదలయ్యేది.

చిక్కల్లా పడకగదితో వచ్చింది. అంతకుముందు అద్దెకున్నవారు అందులో రెండు కుక్కలను పెంచారు. తలుపు తీస్తే కార్పెట్ నుంచి వచ్చే వాసనకు కళ్లు మండేవి. అందుకని మొదటి మూడు వారాలు తల్లీ కూతుళ్లు హాల్లోనే నేల మీద పరుపు వేసుకుని పడుకున్నారు. పొద్దున్నే పరుపు చుట్టి గోడకు ఆనించేవారు.

నాలుగో వారంలో, పిల్లల బాగోగులు విచారించడానికి కోర్టు నియమించిన అధికారిణి డోనా కెల్లర్ ఇద్దరు తల్లిదండ్రులతోనూ విడివిడిగా ఫోన్‌లో మాట్లాడింది. పది రోజులు తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: తల్లి ఇంట్లో బిడ్డకు ఏర్పరచిన పడక తగినదిగా లేనందున, ఇల్లు తనిఖీ చేసేవరకు రాత్రి బసలు నిలిపివేయడమైనది. శనివారం పగలు మాత్రం కలుసుకోవచ్చును.

రేణు ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నా భార్య కృష్ణకుమారి ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

"మంచం లేదని పిల్లను ఆపేస్తారా పిన్నిగారూ?" అంది గ్లాసు దించి. "మేమంతా నేల మీద పడుకుని పెరిగినోళ్లమే కదా!"

నాకు ఒళ్లు మండిపోయింది. మంచం లేకపోవడం ఒక అపరాధమా? ప్రపంచంలో సగం జనాభా ఈ లెక్కన అనర్హులైన తల్లిదండ్రులే. అప్పీలు చెయ్యమన్నాను. రేణు తల అడ్డంగా ఊపింది. "లాయర్‌కి ఇంకా ఇచ్చుకోలేను. గది చేస్తాను బాబాయిగారూ. వాళ్లు నోరు తెరిచి చూసేటట్టు చేస్తాను."

లాయరు రుసుము, అద్దె పోను ఆమె చేతిలో మిగిలింది మూడు వందల డాలర్లు. ఈ దేశంలో ఆ డబ్బుకు ఒక మంచి కుర్చీ కూడా రాదు.

ముందుగా కార్పెట్. పదకొండో నిబంధన ఉటంకిస్తూ నేను రాసిన ఉత్తరానికి యాజమాన్యం ఒక మనిషిని పంపి, సబ్బు నీళ్లతో పైపైన తుడిపించి, పని ముగిసిందన్నది. రేణు ఇండియన్ స్టోర్‌లో వంటసోడా పెద్ద సంచి కొనితెచ్చి, గదంతా ముగ్గు పోసినట్టు చల్లి, మర్నాడు ఎత్తి, వెనిగర్ నీళ్లతో మోకాళ్ల మీద కూర్చుని రుద్దింది. మళ్లీ చల్లింది. నాలుగు ఆదివారాలు అదే పని. అయిదో ఆదివారం కృష్ణకుమారిని తీసుకువెళ్లి, "వాసన చూడండి," అంది. మా ఆవిడ వంగి, "పకోడీల వాసన వస్తోందే," అంది. అది కింద మా వంటింట్లోంచి వస్తున్నదే.

రంగు సంగతి నన్ను నిర్ఘాంతపరిచింది. హార్డ్‌వేర్ దుకాణాల్లో, ఎవరో కోరిన రంగు తప్పుగా కలిసిపోతే ఆ డబ్బాను నాలుగో వంతు ధరకు మూలన పెడతారట. నలభై ఏళ్లుగా ఈ దేశంలో ఉండి ఆ మూల ఒకటున్నదని నాకు తెలియదు. మూతకు చుక్క పెట్టి చూపిస్తే లేత ఆకుపచ్చ. గోడకు ఎక్కాక పచ్చి మామిడికాయ తొక్కు రంగు తేలింది. నేను భయపడ్డాను. రేణు వెనక్కి జరిగి నడుం మీద చేతులుంచుకుని చూసి, "ఉప్పూ కారం ఒకటే తక్కువ," అని నవ్వింది. ఇల్లు వదిలేటప్పుడు మళ్లీ తెల్లరంగు వేస్తే చాలునని ఇరవై రెండో నిబంధన చెబుతున్నది. కాబట్టి అభ్యంతరం లేదు.

పరదాలకు ఆమె పెళ్లినాటి మంగళగిరి చీరలు రెండు అడ్డంగా కత్తిరించింది. కత్తెర ఆడుతుంటే కృష్ణకుమారి కళ్లు మూసుకుంది.

"అయ్యో, జరీ అంచే!"

"కట్టేదెక్కడ పిన్నిగారూ? క్లినిక్‌కి కట్టుకుపోతే పళ్లు పీకేవాళ్లు పారిపోతారు."

ఇక మంచం. నెలాఖరున ఖాళీ చేసి వెళ్లేవారు చెత్తకుండీ పక్కన సామాను వదిలిపోతారు. ఒక సాయంత్రం నేను నడకకు బయలుదేరితే, రేణు ఒక్కతే ఒక చెక్క మంచాన్ని పార్కింగ్ స్థలం మీదుగా ఈడ్చుకువస్తున్నది.

"ఏమిటమ్మా ఇది! చెత్తలో మంచమా? నల్లులు!"

"పరుపు ముట్టుకోలే బాబాయిగారూ, అది కొత్తది కొంటున్నా. ఇది ఒట్టి చెక్క. సందుల్లో టార్చ్ వేసి చూశా. అటు కోడు పట్టుకోండి ముందు."

పట్టుకున్నాను. డెబ్బై నాలుగేళ్ల వయస్సులో, కార్ల విడిభాగాలకు నక్షాలు గీసి గౌరవంగా పదవీ విరమణ చేసిన నేను, చెత్తకుండీ దగ్గరి మంచం మోశాను. ఆమె దాన్ని గరుకు కాగితంతో రుద్ది, ఎండలో పెట్టి, మిగిలిన మామిడి రంగు పూసింది.

చదువుకునే బల్ల దగ్గర డబ్బు అయిపోయింది. పాత తలుపు పలక ఒకటి ఉచితంగా దొరికింది కానీ, దాని కింద పెట్టడానికి ఏమీ లేదు. రేణు నేరుగా అడగలేదు. మా ఇంట్లో నా కాగితాలున్న రెండు ఉక్కు బీరువాల వంక చూసింది. నడుము ఎత్తున్న బీరువాలు అవి; ఎత్తు సరిగ్గా సరిపోతుంది.

"అవి ఇవ్వడం కుదరదు," అన్నాను, ఎవరూ అడగకుండానే.

"ఇరవై ఏళ్లు, ఖాళీ చెయ్యమని నా నోరు పడిపోయింది," అంది కృష్ణకుమారి. "ఆయన కరెంటు బిల్లులకున్న గది నీ పిల్లకు లేదమ్మా. ఏం చేస్తాం!"

ఆ మర్నాడు నా కాగితాలన్నీ సంవత్సరాల వారీగా బాస్మతి బియ్యం సంచుల్లోకి మారాయి. ఏ సంచిలో ఏ సంవత్సరమున్నదో నాకు కంఠతా వచ్చును.

చివరగా మేకు. అనుష్క ఖమ్మంలో అమ్మమ్మతో దిగిన ఫొటో తెచ్చి, రేణు మమ్మల్నిద్దరినీ పిలిచింది. సుత్తి ఎత్తి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి, "పదిహేడే కదా?" అంది.

"పదిహేడే. కొట్టు."

కొట్టింది. నేను చాలా గృహప్రవేశాలకు వెళ్లాను. ఇంత నిశ్శబ్దంగా జరిగినది మరొకటి లేదు.

డోనా కెల్లర్ ఒక శనివారం మధ్యాహ్నం వచ్చింది. ఇరుగుపొరుగులో ఒకరితో మాట్లాడవలసి ఉంటుందని ముందే చెప్పినందున నేనూ ఉన్నాను. అనుష్కను ఆ కాసేపు కృష్ణకుమారి మా ఇంట్లో కూర్చోబెట్టుకుంది. వచ్చినామె యాభై ఏళ్ల మనిషి, మృదుభాషిణి, చేతిలో పలక లాంటి కంప్యూటరు. పడకగది తలుపు తీయగానే ఆగిపోయింది. జరీ అంచులోంచి ఎండ పడి మామిడి గోడ వెలుగుతున్నది. మంచం, బల్ల, పటం అన్నీ చూసి, "ఇదంతా మీరే చేశారా?" అన్నది. రేణు తలూపింది. ఆమె ముఖంలో రెండు నెలలుగా లేని రంగు వచ్చింది.

తరవాత జరిగిన సంభాషణ ఇంగ్లీషులో సాగింది. ఒక్క మాట తప్ప మిగిలినదంతా తెలుగులో రాస్తున్నాను. ఆ ఒక్క మాటను మార్చకూడదు.

"అయితే ఇకమీదట మీ అమ్మాయి హాల్లో పడుకోదన్నమాట," అంది అధికారిణి.

"పడుకోదు. ఇక హాల్లో నేనొక్కదాన్నే పడుకుంటాను."

డోనా కెల్లర్ తలెత్తింది. "మీరా? హాల్లోనా?"

"అవును, రోజూ. నాకు అలవాటే."

"యాజమాన్యం అభ్యంతరపెట్టదా?"

"ఎందుకు పెడుతుంది? అద్దె కడుతున్నాను కదా."

"మరి… మనుషులు వస్తూ పోతూ ఉంటారు కదా."

"వస్తే కూర్చుంటారు," అంది రేణు ఉత్సాహంగా. "పరుపు చుట్టేస్తాం. కాఫీ అక్కడే ఇస్తాం. పండగలకు హాల్లో ఇరవై మంది భోంచేశారు."

అధికారిణి ముఖం పాలిపోయింది. ఆమె చెయ్యి మెల్లగా లేచి వీధి తలుపు వైపు చూపింది. ఆ తలుపుకు అవతల పైకీ కిందికీ మెట్లు, వాషింగ్ మెషిన్లు, ఎనిమిది వాటాల జనం నడిచే కారిడార్ ఉన్నాయి.

"ఆ హాల్లోనా?"

నాకు అప్పుడు అర్థమయింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మనం ముందు గదిని హాల్ అంటున్నాం. సోఫా ఉండేది హాల్లో, టీవీ ఉండేది హాల్లో, చుట్టాలు పడుకునేది హాల్లో. ఇది ఇంగ్లీషు మాటే కదా అన్న ధీమాతో ఇంగ్లీషులోనూ అలాగే అంటున్నాం. ఈ దేశంలో హాల్ అంటే నడవ. అపార్ట్‌మెంట్‌లో హాల్ అంటే వీధి తలుపు బయటి నడవ. ఈ తల్లి తన తొమ్మిదేళ్ల కూతురిని, దారిన పోయేవారు దాటుకుంటూ వెళ్లే చోట, నేల మీద పడుకోబెట్టిందని న్యాయస్థానం రెండు నెలలుగా నమ్ముతున్నది!

కూర్చున్నవాణ్ని లేచి నిలబడి, వివరించాను. మేము హాల్ అనేది ఈ సోఫా ఉన్న గదిని అని, మా ప్రాంతంలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారని, కోపాన్ని అదుపులో పెట్టుకునే చెప్పాను. రేణు నా ముఖమూ ఆమె ముఖమూ మార్చి మార్చి చూసింది. అర్థమయ్యాక, ఉన్నచోటే గోడకు జారగిలబడింది.

"నా పిల్లనా?" అంది తెలుగులో. "బయటనా? మెట్ల దగ్గరనా?"

డోనా కెల్లర్ కఠినురాలు కాదు. కానీ ఆమె చెప్పింది నేను కాదనలేకపోయాను. "ఇది నిజమే కావచ్చు. కానీ ఈ విషయం నాకు తల్లి ఒక్కరే కాదు, తండ్రి కూడా చెప్పారు. విడివిడిగా, ఒకే మాటలో. ఈ కేసులో ఇద్దరూ ఒప్పుకున్న విషయం అదొక్కటే. తనిఖీ రోజున పొరుగువారు వేరే అర్థం చెప్పారని నేను దాన్ని కొట్టివెయ్యలేను. తండ్రి చెబితే వింటాను. సోమవారం నా నివేదిక వెళుతుంది."

ఆమె వెళ్లిన అరగంటకు రేణు ఏడుపు ఆపి, ముఖం కడుక్కుని, అనుష్క బట్టలు సంచిలో సర్దింది. కృష్ణకుమారి పిల్లను పైకి తీసుకువచ్చింది. ఆరింటికి శశికాంత్ వచ్చి తీసుకుపోవాలి. అతడు పైకి రాడు; పార్కింగ్ నుంచే ఫోన్ చేస్తాడు. ఆ రోజు నేను కిందికి వెళ్లి కారు అద్దం తట్టాను.

"పైకి రా నాయనా. మాట్లాడాలి."

"లాయర్లు మాట్లాడుకుంటున్నారు కదండీ…"

"లాయర్లకు తెలుగు రాదు. రా."

వచ్చాడు, చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడ్డాడు. నలభై ఏళ్లవాడు, బట్టతల, అలసిన ముఖం. నా ఊహలోని దుర్మార్గుడికీ అతనికీ పోలిక లేదు. అది నాకు మరింత కోపం తెప్పించింది.

"పాప ఇక్కడ ఎక్కడ పడుకుందని కోర్టువారికి చెప్పావు?"

"హాల్లో అని. అబద్ధమాండీ? హాల్లోనే కదా పడుకుంది, నేల మీద?"

"హాల్ అంటే ఏమిటి?"

"హాల్ అంటే…" చేత్తో సోఫా చూపించాడు. "హాల్."

మంచం మీది నుంచి అనుష్క దూకి వచ్చింది. "నో డాడీ! హాల్ అంటే అవుట్‌సైడ్! స్కూల్‌లో క్లాస్ బయటికి వెళ్లడానికి హాల్ పాస్ ఇస్తారు కదా, అది! ఇది లివింగ్ రూమ్." అని తల్లిని, తండ్రిని చూసి ఆగిపోయింది. "వెయిట్. నేను అవుట్‌సైడ్ పడుకున్నా అని చెప్పారా? బోత్ ఆఫ్ యూ?"

ఏవో లెక్కలు శశికాంత్ ముఖం మీద కదిలాయి. "అందుకేనా… మా ఇంటి గురించి అడిగినప్పుడు, పాప హాల్లో హోంవర్క్ చేస్తుంది, హాల్లోనే తింటాం అన్నా. ఇంట్లో గదులు లేవా అని అడిగిందావిడ. నాలుగు బెడ్‌రూమ్‌లు అని గొప్పగా చెప్పా!"

కృష్ణకుమారికి నవ్వు ఆగలేదు. రేణు మాత్రం నవ్వలేదు.

"సోమవారం లోపల నువ్వు చెప్పాలి," అన్నాను. "నీ మాటే చెల్లుతుందట."

అతడు నేల చూశాడు. "లాయర్‌ని కనుక్కుని చెప్తానండీ. నేనేమన్నా చెప్తే అటు తిరిగి ఇటు తిరిగి…"

ఈ మాటకు నాకు కలిగిన ఆగ్రహాన్ని ఇక్కడ రాయను. తెలిసీ మౌనంగా ఉంటే గెలుస్తాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. నేను నోరు తెరిచేలోపు రేణు నన్ను ఆపింది.

"చెప్పకపోతే చెప్పకు శశీ. నిన్ను బతిమాలను. కానీ ఇది పెద్దయ్యాక ఒక రోజు ఆ ఫైల్ తీసి చదువుకుంటది. మా అమ్మ నన్ను మెట్ల దగ్గర పడుకోబెట్టింది అని ఉంటది. మా నాన్న అవునన్నాడు అని కూడా ఉంటది. నీకు అది ఓకే అయితే నాకేం లేదు."

అతడు గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు. తరవాత పడకగది వైపు నడిచాడు. గుమ్మంలో ఆగి గోడలు, పరదాలు చూశాడు. పటం దగ్గరికి వెళ్లి, దాని అంచు కొద్దిగా ఎత్తి వెనకకు తొంగిచూశాడు.

"మేకా?" అన్నాడు.

"మేకే," అంది రేణు.

"ఊఁ," అని పటాన్ని సరిగ్గా సర్ది, వెనక్కి వచ్చాడు. "పేపర్ ఇవ్వండి అంకుల్. ఏం రాయాలి?"

రాయవలసిన పని లేదన్నాను. గీయవలసిన పని ఉన్నది. నలభై ఏళ్ల వృత్తి నాకు అప్పుడు అక్కరకొచ్చింది. వాటా నక్షా కొలతలతో గీశాను: వంటిల్లు, పడకగది, ముందు గది, వీధి తలుపు, తలుపు అవతల కారిడార్. ముందు గది మధ్యన ఇంగ్లీషులో, మేమిద్దరం హాల్ అన్నది దీనినే, మా బిడ్డ పడుకున్నది ఇక్కడే అని శశికాంత్ స్వయంగా రాసి సంతకం చేశాడు. కింద రేణు చేసింది. విడిపోతున్న ఇద్దరు ఒకే గదికి పేరు పెట్టి సంతకాలు చేయడం చూస్తూ, నేను కలం మూత పెట్టడం మరిచిపోయాను. ఒక ప్రతి డోనా కెల్లర్‌కు వెళ్లింది. ఒక ప్రతి బియ్యం సంచిలో ఉంది.

రెండు వారాలకు రాత్రి బసలు పునరుద్ధరిస్తూ ఉత్తర్వు వచ్చింది. పొరపాటు జరిగిందన్న మాట గానీ, విచారమన్న మాట గానీ అందులో లేవు. నేను మూడుసార్లు చదివాను. లేవు.

ఆ తరవాతి ఆదివారం ఉదయం, కృష్ణకుమారి ఇచ్చిన ఇడ్లీల గిన్నె పట్టుకుని పైకి వెళ్లాను. చాలాసేపటికి అనుష్క తలుపు తీసింది. ఒంటి చుట్టూ దుప్పటి, చెదిరిన జుట్టు. ఆమె భుజం మీదుగా చూసి నిర్ఘాంతపోయాను. ముందు గదిలో, నేల మీద, పరుపు. దాని మీద రేణు, ఒక చెయ్యి పక్కకు చాచి, గాఢ నిద్రలో ఉంది. అవతల తెరిచి ఉన్న తలుపులోంచి మామిడి రంగు మంచం కనబడుతున్నది. దాని మీద వేసిన దుప్పటి ముడత కూడా పడలేదు.

"ఇదేమిటే! గది ఏమయింది?"

"ష్‌ష్, అంకుల్! అమ్మ లేస్తది." డెబ్బై నాలుగేళ్ల నన్ను అంకుల్ అంటుంది; ఎన్నిసార్లు దిద్దినా ఫలితం లేదు. "రూమ్ సూపర్. డే టైమ్‌కి. నైట్‌కి హాల్."

"ఏ హాలూ?"

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "మన హాల్," అంది. తరవాత గిన్నె అందుకుని, గొంతు మరింత తగ్గించి, "కోర్ట్‌కి చెప్పకండి, ప్లీజ్," అంటూ తలుపు మెల్లగా మూసింది.

నేను బయట, డోనా కెల్లర్ హాల్ అనే చోట, చేతిలో ఏమీ లేకుండా కాసేపు నిలబడి, కిందికి దిగాను.